డీఏపీ అయిపోయిన ఎనిమిది సాళ్లు: అలసందలో తేడా భాస్వరానిదా, రకానిదా?

రాయచోటి_రైతుబిడ్డ | ఆగస్టు 9, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది రాయచోటి దగ్గర పల్లె. పక్కపక్కనే రెండెకరాలు, ఎర్ర గరప నేల, వర్షాధారం. పదేళ్లుగా వేరుశనగ తప్ప ఇంకోటి వేయలేదు. ఈసారి అలసంద వేశాం. జూన్ ఆఖరులో మంచి పదును దొరికింది. పడమటి ఎకరాలో సి-152 అనే మెరుగైన రకం, తూర్పు ఎకరాలో మా అమ్మ ఏటా కుండలో బూడిద కలిపి దాచే నాటు తీగ రకం. సాళ్లు తూర్పు పడమరలుగా రెండెకరాల్లోనూ ఒకటే వరుస. అంటే ప్రతి సాలులో సగం సి-152, సగం నాటు.

ఎకరాకు ఒక బస్తా లెక్కన రెండు బస్తాల డీఏపీ (భాస్వరం ఎక్కువ, నత్రజని కొంత ఉండే ఎరువు) తెచ్చి సాళ్లలో వేశాం. నాన్న చెయ్యి కాస్త ఒత్తుగా పడినట్టుంది, దక్షిణం వైపు చివరి ఎనిమిది సాళ్లకు వచ్చేసరికి సంచి ఖాళీ. సర్లే అని ఉత్త విత్తనమే వేశాం.

ఇప్పుడు నలభై రోజుల పైరు. గట్టు మీద నిలబడి చూస్తే సి-152లో ఆ ఎనిమిది సాళ్లు గీత గీసినట్టు తెలిసిపోతున్నాయి. మిగతా పైరు మోకాలి దాకా వచ్చి మొగ్గ తొడిగింది. ఆ సాళ్లు మాత్రం జానెడున్నర దగ్గరే ఆగాయి. ఆకు పసుపు పచ్చగా ఉంటే నత్రజని లోపం అనుకునేవాణ్ణి. కానీ ఆకు చిన్నదై మామూలుకన్నా ముదురు ఆకుపచ్చగా ఉంది. ఆశ్చర్యమేమిటంటే అవే సాళ్లు నాటు రకంలోకి వెళ్లేసరికి తేడా పెద్దగా కనపడటం లేదు. కాస్త పొట్టిగా ఉందంతే.

రకాన్ని బట్టి భాస్వరం అవసరం ఇంతలా మారుతుందా? నాటు రకానికి వచ్చే ఏడాది డీఏపీ మానేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

పాలమూరు_చెల్క | ఆగస్టు 9, రాత్రి 9:15

తమ్ముడూ, మా వైపు వీటిని బొబ్బర్లు అంటాం. మా చెల్క నేలల్లో కూడా ఇలాంటి తేడా చూశాను. పైన చూసి తేల్చుకోవద్దు. వేరు చూడు. రెండు రకాల్లోనూ డీఏపీ పడ్డ చోట ఐదు, పడని చోట ఐదు మొక్కలు తీసి వేరు బుడిపెలు లెక్కపెట్టు. చేత్తో పీకితే బుడిపెలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. పారతో జానెడు లోతు గడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో నానబెట్టి మట్టి వదిలించు.

---

మట్టి_మాస్టారు | ఆగస్టు 10, ఉదయం 6:05

మట్టి పరీక్షల ప్రయోగశాలలో చాలా ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. మీరు రాసిన లక్షణాలు, అంటే ఎదుగుదల ఆగడం, ఆకు చిన్నదై ముదురు రంగులో ఉండటం, మొగ్గ ఆలస్యం కావడం, భాస్వరం లోపానివే. కొన్నిసార్లు ముదురాకు అడుగున, కాడ మీద ఊదా ఛాయ కూడా వస్తుంది.

అలసంద గాలిలోని నత్రజనిని తీసుకుంటుందని అందరికీ తెలుసు. దానికి ఖర్చవుతుందన్న సంగతి మాత్రం మర్చిపోతాం. బుడిపెలో ఉండే బాక్టీరియా ఒక నత్రజని అణువును అమ్మోనియాగా మార్చడానికి కనీసం 16 ఏటీపీ అణువులు ఖర్చు చేయాలి. ఏటీపీ అంటే కణంలో శక్తిని మోసే పదార్థం, అందులో మూడు భాస్వరం గుంపులుంటాయి. అందుకే బుడిపెల్లో భాస్వరం శాతం మొక్కలోని మిగతా భాగాలకన్నా ఎక్కువగా ఉంటుంది. భాస్వరం చాలకపోతే ముందు బుడిపెలు తగ్గుతాయి, ఉన్నవి చిన్నవైపోతాయి. ఆ తర్వాత నత్రజని కూడా తగ్గుతుంది. భాస్వరం లోపమే చివరికి నత్రజని ఆకలిగా మారుతుందన్నమాట.

ఇంకో సంగతి. భాస్వరం మట్టిలో కదలదు. యూరియా నీళ్లతో పాటు వేరు దగ్గరికి పోతుంది, భాస్వరం వేసిన చోటే కూర్చుంటుంది. వేరే దాని దగ్గరికి వెళ్లాలి. రకాల మధ్య తేడా ఇక్కడే వస్తుంది. పైపొరలో వేరు ఎంత పరుచుకుంటుంది, వేరు నూగు ఎంత పొడవు, వేరుతో కలిసి బతికే మేలు శిలీంధ్రం (మైకోరైజా అంటారు) ఎంత పట్టింది అనేవి రకాన్ని బట్టి మారతాయి. తీగ రకాలకు ఎక్కువ రోజుల కాలం ఉంటుంది కాబట్టి, మెల్లగా దొరికేదాన్ని మెల్లగా తీసుకునే వీలు కూడా ఉంటుంది. తక్కువ రోజుల్లో ఒక్కసారిగా కాసే రకానికి ఆ తీరిక లేదు. మొదటి ముప్పై రోజుల్లోనే అందాలి.

బుడిపెలు తవ్వినప్పుడు గోటితో చీల్చి లోపలి రంగు చూడండి. ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే పనిచేస్తున్నట్టు. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లాంటి పదార్థమే ఆ రంగునిస్తుంది. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుపెట్టలేదు, లేదా ఆ బాక్టీరియా పనికొచ్చేది కాదు. ఆకుపచ్చగా, మట్టి రంగులో ఉంటే పని అయిపోయినట్టు.

---

రాయచోటి_రైతుబిడ్డ | ఆగస్టు 11, రాత్రి 7:30

మాస్టారూ, అన్నా, ఇద్దరూ చెప్పినట్టే చేశాను. నిన్న సాయంత్రం చిన్న జల్లు పడింది, ఈ రోజు పొద్దున్నే నేల మెత్తగా ఉంది. ఒక్కో చోట ఐదేసి, మొత్తం ఇరవై మొక్కలు గడ్డతో లేపి తొట్టి నీళ్లలో పెట్టాను. మట్టి వదలడానికి గంట పట్టింది.

సి-152, డీఏపీ పడ్డ చోట: మొక్కకు ఇరవైకి అటూ ఇటూ బుడిపెలు. చాలావరకు తల్లివేరు మీదే, పై నాలుగు వేళ్ల లోతులోనే గుత్తిగా ఉన్నాయి. పెద్దవి కంది గింజంత. చీలిస్తే లోపల పుచ్చకాయ ముక్క రంగు. గోటికి ఎరుపు అంటుకుంది.

సి-152, పడని చోట: ఐదో, ఆరో, ఏడో. ఆవగింజంతవి. సగానికి పైగా లోపల తెలుపే.

నాటు, పడ్డ చోట పద్దెనిమిది దాకా. పడని చోట పన్నెండు, పద్నాలుగు. ఇవి తల్లివేరు మీద తక్కువ, పక్క వేర్ల మీద ఎక్కువ. ఆ పక్క వేర్లు కూడా సాలు దాటి అవతలి సాలు దాకా పోయాయి. లేపేటప్పుడు ఎన్నో తెగిపోయాయి, అందువల్ల లెక్క కాస్త తక్కువే వచ్చి ఉంటుంది. పడని చోట ఉన్నవి చిన్నవే కానీ చీలిస్తే గులాబీ రంగు ఉంది.

మేం విత్తనానికి రైజోబియం కల్చర్ (బుడిపెలు కట్టే బాక్టీరియా ఉన్న పొడి) ఏమీ పట్టించలేదు. ఈ బుడిపెలన్నీ ఎక్కడి నుంచి వచ్చినట్టు?

---

వీఏఏ_పీలేరు | ఆగస్టు 11, రాత్రి 9:50

చాలా మంచి పని చేశారండీ. మీ ప్రశ్నకు జవాబు మీ వేరుశనగే. అలసంద, వేరుశనగ, పెసర, మినుము అన్నీ ఒకే గుంపు బాక్టీరియాతో బుడిపెలు కడతాయి. శాస్త్రవేత్తలు ఆ గుంపును అలసంద గుంపు అనే పిలుస్తారు. పదేళ్లు వేరుశనగ వేసిన నేలలో వాటికి కొదవ ఉండదు. అయినా ఎకరా విత్తనానికి 200 గ్రాముల కల్చర్ పట్టిస్తే నష్టం లేదు, ఖర్చూ తక్కువే. బెల్లం నీళ్లు కాచి, పూర్తిగా చల్లార్చి, అందులో కల్చర్ కలిపి విత్తనానికి పట్టించి నీడలో ఆరబెట్టాలి. తెగులు మందు, పురుగు మందు కూడా పట్టిస్తుంటే అవి ముందు, కల్చర్ చివర. కల్చర్ పట్టించిన విత్తనాన్ని డీఏపీతో ఒకే డబ్బాలో కలిపి చల్లకండి, బాక్టీరియా చచ్చిపోతుంది.

మోతాదు విషయానికొస్తే, వర్షాధార అపరాలకు (పప్పు పంటలకు) గ్రామ వ్యవసాయ సహాయకులుగా మేం చెప్పేది ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి, ఒక బస్తాతో సరిపోయింది. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అయితే అందులో భాస్వరం 16 శాతమే కాబట్టి 125 కిలోలు, అంటే రెండున్నర బస్తాలు కావాలి. దానికి తోడు 17, 18 కిలోల యూరియా. మోత ఎక్కువే, కానీ సూపర్‌లో గంధకం, కాల్షియం కూడా వస్తాయి. పప్పు గింజలో మాంసకృత్తులు తయారవడానికి గంధకం కావాలి. మీరు వేరుశనగకు ఏటా జిప్సం వేసినవాళ్లయితే గంధకం కొంత నేలలో ఉండే ఉంటుంది.

మరి భూసార పరీక్ష కార్డు ఉందా? అది లేకుండా నాటు రకానికి మానేయొచ్చా అంటే నేను అవునని చెప్పలేను.

---

గుంటూరు_మిర్చి | ఆగస్టు 12, ఉదయం 5:45

కార్డు మాట వచ్చింది కాబట్టి నా సంగతి చెప్తాను. మాది నల్లరేగడి. ఇరవై ఏళ్లు మిర్చికి, పత్తికి డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులు లెక్క లేకుండా వేశాం. మూడేళ్ల కిందట మిర్చి తర్వాత కూరకని అరెకరం అలసంద వేశాను. అలవాటు ప్రకారం అర బస్తా డీఏపీ వేశాను. పక్కన మా తమ్ముడు ఏమీ వేయలేదు. కాయలో తేడా గుప్పెడు కూడా లేదు. పైగా నా వైపు లేత ఆకుల్లో ఈనెల మధ్య పాలిపోయి పసుపెక్కింది. తర్వాత పరీక్ష చేయిస్తే భాస్వరం 'ఎక్కువ', జింకు 'తక్కువ' అని వచ్చింది. భాస్వరం మరీ ఎక్కువైతే మొక్కకు జింకు సరిగ్గా అందదని అప్పుడు తెలిసింది. జింకు సల్ఫేటును డీఏపీతో కలిపి వేయకూడదనీ అప్పుడే తెలిసింది. రెండూ కలిసి గడ్డకట్టినట్టయి రెండూ మొక్కకు అందవట.

రాయచోటి తమ్ముడి నేలకు భాస్వరం కావాలి. మా నేలకు అక్కర్లేదు. పంట ఒకటే, సలహా మాత్రం ఒకటి కాదు.

---

ప్రకృతి_సేద్యం | ఆగస్టు 12, మధ్యాహ్నం 1:20

ఐదేళ్లుగా సంచి ఎరువు ముట్టలేదు. వానలకు ముందే రకరకాల గింజలు కలిపి చల్లే నవధాన్యాల విత్తనంలో అలసంద తప్పకుండా ఉంటుంది. ఘనజీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి కలిపి చేసే ఎరువు), పశువుల ఎరువు వేస్తే అందులోని సూక్ష్మజీవులు నేలలో కట్టుబడిన భాస్వరాన్ని కరిగించి ఇస్తాయి. నేలలో భాస్వరం టన్నుల్లో ఉందని, కొనక్కర్లేదని మా శిక్షణలో చెప్పారు. తమ్ముడి నాటు రకం దానికి ఉదాహరణ కాదా? ఎరువు లేకుండానే నిలబడింది.

---

మట్టి_మాస్టారు | ఆగస్టు 12, రాత్రి 8:10

ప్రకృతి సేద్యం గారూ, మీరన్నదాంట్లో నిజం ఉంది. నేలలో మొత్తం భాస్వరం చాలానే ఉంటుంది, మొక్కకు దొరికేది అందులో బహు కొద్ది. ఎర్ర నేలలో ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టి ఉంచుతాయి. సుద్ద ఉన్న నేలలో, నల్లరేగడిలో కాల్షియం పట్టి ఉంచుతుంది. భాస్వరాన్ని కరిగించే ఫాస్ఫోబాక్టీరియా, వేర్లు విడుదల చేసే ఆమ్లాలు ఆ పట్టును కొంత విడిపిస్తాయి. కంది ఇందులో గట్టిది. ఇనుముతో కట్టుబడిన భాస్వరాన్ని విడిపించే పిసిడిక్ ఆమ్లాన్ని కంది వేరు వదులుతుందని 1990లో బయటపెట్టిన పరిశోధన మన పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లోనే జరిగింది. ఎర్ర నేలలో కంది, జొన్న కలిపి వేయడంలో మన పెద్దల తెలివి అక్కడ శాస్త్రానికి అందింది. నాకు ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కానీ ఒక తేడా గమనించండి. సూక్ష్మజీవి భాస్వరాన్ని కరిగిస్తుంది, పుట్టించదు. గాలిలో నత్రజని ఉంది, భాస్వరం లేదు. గింజతో పొలం దాటి పోయినది ఏదో ఒక రూపంలో తిరిగి రావాలి. పశువుల ఎరువులో అది ఉంది. బాగా మాగిన ఎరువు టన్నుకు రెండు, రెండున్నర కిలోల భాస్వరం వస్తుంది. ఎకరాకు నాలుగు టన్నులు వేస్తే ఎనిమిది నుంచి పది కిలోలు, సిఫార్సులో సగం దాకా వచ్చినట్టే. కాబట్టి మీరు నిజానికి భాస్వరం వేస్తూనే ఉన్నారు, కాకపోతే సంచిలోంచి కాదు, దిబ్బలోంచి.

నాటు రకం 'నిలబడింది' అన్నది ఒక మాట, 'కాసింది' అన్నది ఇంకో మాట. దాని జవాబు కల్లంలో వస్తుంది.

---

కానో_తెలుగు | ఆగస్టు 13, రాత్రి 11:30

మాది ప్రకాశం జిల్లా. ఉద్యోగరీత్యా తొమ్మిదేళ్లుగా నైజీరియాలోని కానోలో ఉంటున్నాను. ప్రపంచంలో అలసంద అందరికన్నా ఎక్కువ పండించే దేశం ఇదే. కానో పక్కనే దావనావు ధాన్యం సంతకు వెళ్తే అలసంద బస్తాలు గోడల్లా పేర్చి ఉంటాయి. ఇక్కడి హౌసా భాషలో 'వాకే' అంటారు. నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి నూనెలో వేసే 'అకారా' మన అలసంద వడకు తోబుట్టువు. మొదటిసారి తిన్నప్పుడు మా నాయనమ్మ వంటిల్లు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక్కడి నేల ఇసుక, సేంద్రియ కర్బనం చాలా తక్కువ, భాస్వరం అంతకన్నా తక్కువ. రైతు నోట మొదట వినిపించే ఎరువు సూపర్ ఫాస్ఫేటే. ఇబడాన్‌లో ఉన్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ (ఐఐటీఏ అంటారు) చాలా రకాలు తయారు చేసింది. అందులో నాకు నచ్చింది రెండు విధాల పనికొచ్చే రకాలు, గింజా వస్తుంది, మేతా వస్తుంది. ఐటీ89కేడీ-288, ఐటీ90కే-277-2 లాంటివి ఆ కోవకు చెందినవే. కోత అయ్యాక ఆ తీగను చుట్టలు చుట్టి ఇంటి కప్పుల మీద, చెట్ల పంగల్లో ఆరబెడతారు. ఎండాకాలం గొర్రెలకు, మేకలకు అదే ఆధారం, సంతలో దానికి మంచి ధర కూడా.

భాస్వరం, రకం ఈ రెంటి మీద ఇక్కడ జరిగిన పరిశోధనల్లో పదే పదే తేలేది మన తమ్ముడు చూసిందే. కొన్ని రకాలు లేమిలో కూడా తట్టుకుంటాయి, కానీ ఎరువు వేసినా పెద్దగా పెరగవు. కొన్ని వేస్తే విజృంభిస్తాయి, వేయకపోతే కూలబడతాయి. రెండు గుణాలూ ఉన్న రకం కోసమే వెతుకులాట. ఇంకో బాధ స్ట్రైగా అనే పరాన్న కలుపు. నేలలోపలే అలసంద వేరుకు అంటుకుని రసం పీలుస్తుంది. ఆ బెడద ఉన్న చోట ముందు దాన్ని తట్టుకునే రకం చూసుకోవాలి, తర్వాతే ఎరువు లెక్క. మన దగ్గర అలసందకు ఆ బాధ లేనందుకు సంతోషించండి.

---

లెక్కల_రైతు | ఆగస్టు 14, ఉదయం 7:00

అందరూ బాగా చెప్పారు. ఒక్క అనుమానం అడగాలి. తమ్ముడూ, ఎరువు పడని ఆ ఎనిమిది సాళ్లు పొలం చివర, గట్టు పక్కన ఉన్నాయి కదా. అక్కడ వేపచెట్టు నీడ గానీ, దుక్కి సరిగా పడకపోవడం గానీ, మట్టి లోతు తక్కువ గానీ ఉన్నాయా? సి-152 వైపు గట్టు కింద మొరం ఉండి, నాటు వైపు లేకపోతే ఈ తేడా అంతా దానిదే కావచ్చు. ఒకే చోట ఒక్కసారి చూసినదాన్ని బట్టి రెండెకరాల నిర్ణయం తీసుకోవద్దు.

వచ్చే ఏడాది కావాలనే ఇలా వెయ్యి. ఆరేసి సాళ్ల పట్టీలు. ఒక పట్టీకి ఎరువు, పక్క పట్టీకి లేదు, మళ్లీ ఎరువు, మళ్లీ లేదు. అలా నాలుగు జతలు. ప్రతి పట్టీలో రెండు రకాలూ ఉండాలి. కోసేటప్పుడు పట్టీ అంచు సాళ్లు వదిలేసి మధ్య సాళ్లే తూకం వెయ్యి, ఎందుకంటే అంచు మొక్క పక్క పట్టీ ఎరువు కూడా తాగుతుంది. ముఖ్యంగా నీ నాటు రకం, అవతలి సాలు దాకా వేరు పోయిందని నువ్వే రాశావు. ఎరువు లేని సాళ్లలో బాగుండటానికి అది కూడా ఒక కారణం అయ్యుండొచ్చు.

---

రాయచోటి_రైతుబిడ్డ | ఆగస్టు 14, రాత్రి 8:25

అన్నా, మీరు అడిగాక వెళ్లి చూశాను. చెట్టు లేదు. కానీ సి-152 వైపు చివర గడ్డపారతో కొడితే మూరెడు లోపే మొరం తగిలింది. నాటు వైపు ఇంకా లోతుగా మట్టి ఉంది. ఇది నేను మొదట రాయాల్సిన సంగతి. అంచు సాలు వేరు సంగతి అయితే నాకు తట్టనే లేదు. ఎనిమిదిలో చివరి సాలు మొక్కలు వేరుగా చూస్తే, నాటు రకంలో కూడా అవే అన్నింటికన్నా పొట్టిగా ఉన్నాయి.

---

పెరటితోట_లక్ష్మి | ఆగస్టు 16, మధ్యాహ్నం 3:00

మేము హైదరాబాద్‌లో మిద్దె మీద పెంచుతాం. కుండీల్లో పూసా కోమల్, కాశీ కాంచన్ వేస్తాను, గింజకు కాదు, లేత కాయ కూరకు. నలభై ఐదు, యాభై రోజులకు మొదటి కాయ వస్తుంది. వర్మీకంపోస్ట్ సగానికి సగం కలిపిన మట్టిలో కాశీ కాంచన్‌కు బుడిపెలే రాలేదు, ఆకులు మాత్రం అరచేయంత. ఎందుకో అనుకున్నాను.

---

వీఏఏ_పీలేరు | ఆగస్టు 16, సాయంత్రం 6:30

లక్ష్మి గారూ, మట్టిలో నత్రజని దండిగా ఉంటే మొక్క బుడిపెల జోలికి పోదు. సులువుగా దొరుకుతుంటే శక్తి ఖర్చు చేసి ఎందుకు కట్టుకుంటుంది? పైగా కొత్త కుండీ మట్టిలో ఆ బాక్టీరియానే లేకపోవచ్చు. కంపోస్ట్ పావు వంతుకు తగ్గించి, ఎర్రమట్టి పెంచి, చిటికెడు కల్చర్ విత్తనానికి పట్టించి చూడండి.

---

రాయచోటి_రైతుబిడ్డ | అక్టోబరు 6, రాత్రి 9:10

ఆలస్యానికి మన్నించండి, కోతలు, నూర్పిడి పనిలో పడ్డాను. మధ్యలో పేనుబంక వచ్చి ఒక వారం చాలా టెన్షన్ పడ్డాం. లేత కొమ్మలు నల్లగా కప్పేసింది. వాన పడి కొంత కొట్టుకుపోయింది.

సి-152 ఎకరాకు మూడున్నర క్వింటాళ్లు. నాటు రెండున్నర. ఎరువు లేని సాళ్లను వేరుగా కోసి, అంతే పొడవున్న ఎరువు సాళ్లు ఎనిమిదింటితో పోల్చాను. సి-152లో సగానికి కాస్త తక్కువ వచ్చింది. నాటులో నాలుగింట మూడు వంతులు. మొరం సంగతి తెలిశాక ఈ లెక్కను పూర్తిగా నమ్మట్లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను.

ఒకటి గమనించాలి. ఎరువు లేకుండా నాటు తట్టుకుంది నిజమే. కానీ ఎరువుతో సి-152 ఇచ్చినంత నాటు ఎరువుతో కూడా ఇవ్వలేదు. అమ్మ మాత్రం నాటునే వదలనంటోంది. గుగ్గిళ్ల రుచి దానికే ఉందని, ఆవుకు కట్టె (కాయ కోశాక మిగిలే ఎండు తీగ, ఆకు) రెట్టింపు వచ్చిందని. ఆ రెండూ నిజమే.

ఇప్పుడు ఆ కట్టె గురించే అడగాలి. సి-152 కట్టె పొలంలోనే గుంటక తోలి కలిపేద్దామని నేను, ఆవుకు కావాలని అమ్మ. అలసంద వేశాం కాబట్టి నేలకు నత్రజని ఎలాగూ వచ్చేసి ఉంటుంది కదా, కట్టె తీసేస్తే నష్టమేంటి అని నాన్న.

---

మట్టి_మాస్టారు | అక్టోబరు 7, ఉదయం 6:20

మీ నాన్నగారి ప్రశ్నే అసలు ప్రశ్న. సి-152 ఎకరాకు సుమారు లెక్క వేద్దాం. అలసంద గింజలో నూటికి 24 దాకా మాంసకృత్తులు. అంటే నత్రజని నాలుగు శాతానికి కొద్దిగా తక్కువ. మూడున్నర క్వింటాళ్ల గింజతో 13 కిలోల నత్రజని పొలం దాటింది. డీఏపీతో వేసింది తొమ్మిది. అంటే మొక్క గాలి నుంచి తెచ్చుకున్నదాంట్లో చాలావరకు గింజలోకే పోయింది. మిగిలింది ఆకులో, కట్టెలో, వేరులో ఉంది. ఆరు క్వింటాళ్ల ఎండు కట్టె వచ్చిందనుకుంటే అందులో పది కిలోల నత్రజని ఉండొచ్చు. అది కూడా ఇంటికి తెచ్చేస్తే నేలకు మిగిలేది రాలిన ఆకు, వేరు మాత్రమే. అపరాలు వేస్తే నేల దానంతట అదే బలపడుతుందనే మాట కట్టె నేలకు తిరిగి వెళ్లినప్పుడే నిజం.

భాస్వరం లెక్క దీనికి తలకిందులు. గింజలో పోయింది ఎరువు సంచి మీద రాసే లెక్కన మూడు కిలోలకు కాస్త ఎక్కువ. వేసింది 23 కిలోలు. మిగతాదంతా కట్టెలో కొంత, నేలలో ఎక్కువ. కొంత ఇనుము పట్టులోకి పోతుంది, కొంత రాబోయే పంటలకు మెల్లగా అందుతుంది. ఏళ్ల తరబడి లెక్క లేకుండా వేస్తూ పోవడం వల్లే గుంటూరు వారికి ఆ పరిస్థితి వచ్చింది. ఆ పైమట్టి వానకు కొట్టుకుపోయి చెరువులో పడితే అక్కడ గుర్రపుడెక్క, పచ్చ నాచు బలుస్తాయి.

అమ్మగారి మాట కూడా కాదనను. కట్టె ఆవు తిననీయండి. పేడ మాత్రం పిడకలు చేయకుండా దిబ్బలో వేసి, అది ఆ పొలానికే తోలండి. ఇప్పుడు పొలం ఖాళీ, మట్టి నమూనా తీయడానికి ఇదే సమయం. గట్టు పక్కన, చెట్టు కింద, దిబ్బ వేసిన చోట తీయొద్దు. ఎనిమిది, పది చోట్ల ఆంగ్ల అక్షరం 'వీ' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్క గోడ నుంచి పొరగా గీకి, అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి తీసేస్తూ అరకిలో మిగలనివ్వండి. మొరం ఉన్న ముక్కకు వేరే నమూనా.

---

రాయచోటి_రైతుబిడ్డ | నవంబరు 21, సాయంత్రం 5:45

రిపోర్టు వచ్చింది. రెండు నమూనాల్లోనూ సేంద్రియ కర్బనం తక్కువ. భాస్వరం హెక్టారుకు పెద్ద ముక్కలో 12 కిలోలు, మొరం ముక్కలో 7. పన్నెండు అంటే మధ్యస్థం అని రాశారు. మా పక్క రైతు కార్డులో 27 అని ఉంది, అది కూడా మధ్యస్థమే అంటున్నాడు. అదెలా?

---

మట్టి_మాస్టారు | నవంబరు 21, రాత్రి 8:00

కొలత పేరు చూడండి. కొన్ని చోట్ల ఉత్త భాస్వరంగా రాస్తారు, కొన్ని చోట్ల ఎరువు సంచి మీద ఉండే పీ2ఓ5 రూపంలో రాస్తారు. మొదటిదాన్ని 2.29తో గుణిస్తే రెండోది వస్తుంది. మీ 12 అంటే ఆ లెక్కలో 27. మీ ఇద్దరి పొలాలూ ఒకటే. ఉత్త భాస్వరం లెక్కలో పదికి లోపు తక్కువ, ఇరవై ఐదు దాటితే ఎక్కువ అని సాధారణంగా చూస్తారు. మీది మధ్యస్థంలో అడుగు మెట్టు. మొరం ముక్క మాత్రం నిజంగా లోపం. లెక్కల రైతు గారి అనుమానం వమ్ము కాలేదు.

---

లెక్కల_రైతు | నవంబరు 21, రాత్రి 8:40

అయితే వచ్చే ఏడాది మూడు పట్టీలు చెయ్యి తమ్ముడూ. ఏమీ లేనిది, అర బస్తా లెక్కన, పూర్తి బస్తా లెక్కన. మధ్యస్థ నేలలో అర బస్తాతోనే పని జరిగిపోతే ఆ డబ్బు మిగులుతుంది. మొరం ముక్కను ఈ లెక్కలోంచి తీసేయ్.

---

రాయచోటి_రైతుబిడ్డ | మరుసటి ఏడాది జూన్ 27, రాత్రి 9:30

ఈ రోజు విత్తాం. నాన్న ఎరువు చేత్తో వేయనని, తూకం వేసి ఇస్తే పట్టీ పట్టీకీ వేరే బకెట్‌తో వేస్తానని అన్నాడు. అలాగే చేశాం. మూడు రకాల పట్టీలు, ఒక్కోటి నాలుగు సార్లు, మొత్తం పన్నెండు. ప్రతి పట్టీలో సగం సి-152, సగం నాటు. ఎరువు విత్తనానికి మూడు వేళ్ల పక్కన, రెండు వేళ్ల కింద పడేలా ముందు గొర్రు తోలి, తర్వాత విత్తాం. విత్తనానికి కల్చర్ పట్టించాం. మొరం ముక్కలో పూర్తి బస్తా లెక్క, దానికి తోడు రెండు బండ్ల దిబ్బ ఎరువు. పోయినేడు అలసంద కట్టె తిన్న ఆవు పేడే అది.

పట్టీల చివర సున్నం కొట్టిన రాళ్లు పాతాం. సున్నా పట్టీకి ఒక గీత, అర బస్తాకు రెండు, బస్తాకు మూడు. సాయంత్రం అమ్మ వచ్చి రాళ్లు చూసి, నాటు వైపు గీతలు ఎందుకు, దానికి ఎరువు వేసినా వేయకపోయినా ఒకటేగా అంది. అది తేల్చడానికే అమ్మా అన్నాను.

ఆగస్టు మొదటి వారంలో తవ్వి బుడిపెలు లెక్కపెట్టి ఇక్కడే రాస్తాను. ఈసారి అంచు సాళ్లు వదిలేస్తాను.